నేటి ప్రణయ నవల: శృంగారమా, శృంగారాభాసమా?

ప్రణయ నవలలు చదివేవారిలో ఇటీవల ఒక విచిత్రమైన అసంతృప్తి కనిపిస్తున్నది. ఆ నవలలు అశ్లీలంగా ఉన్నాయని పెద్దలు కోపగించడం కొత్త విషయం కాదు; అది నవల పుట్టిన నాటినుండి ఉన్నదే. కాని ఇప్పుడు నిట్టూర్చేది పెద్దలు కాదు, వాటిని ఇష్టపడి వెతుక్కొని చదివే యువతీయువకులే. వారి ఫిర్యాదు అశ్లీలాన్ని గురించి కాదు. అన్నీ ఉన్నాయి, ఏదో లేదు అన్నదే వారి మాటల సారాంశం. ప్రేమకథ అని మొదలుపెడితే రెండవ ప్రకరణానికే పడకగది తలుపు తెరుచుకుంటుంది; ఆ తరువాత ఆ తలుపు మూయడం, తెరవడం తప్ప మరొకటి జరగదు. తరగతిలో సాహిత్యచర్చ వచ్చినప్పుడల్లా ఏదో ఒక మూలనుండి ఈ మాట మాకు వినబడుతూనే ఉన్నది. దీనిని నవ్వి తీసివేయడం సులువు. అటువంటివి చదవవద్దని మందలించడం ఇంకా సులువు. ఆ రెండూ సమాధానాలు కావు. ఇది సాహిత్యసంబంధమైన ప్రశ్న. దీనికి సమాధానం కూడా సాహిత్యశాస్త్రంలోనే, అదీ మన పాఠ్యగ్రంథాలలోనే ఉన్నదని మా నమ్మకం. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నగా చదివి మరచిపోయే రసప్రకరణాన్ని ఒక్కసారి జీవితానికి దగ్గరగా తెచ్చి చూడాలన్నదే ఈ వ్యాసోద్దేశం.

ముందుగా ఏ నవలను గురించి మాట్లాడుతున్నామో చెప్పుకోవాలి. నేడు చేతిలోని ఫోనులో భాగాలు భాగాలుగా వెలువడే తెలుగు ప్రణయ నవలలు అసంఖ్యాకం. వాటిలో మంచివి లేవని మేము అనము. కాని మిక్కిలిగా చదవబడే ఒక తరగతికి అచ్చు ఒక్కటే. నాయకుడు కోటీశ్వరుడు, ముప్పై ఏళ్లు నిండకుండానే ఒక మహా సంస్థకు యజమాని. ఆ సంస్థ ఏమి తయారుచేస్తుందో రచయితకూ తెలియదు, పాఠకునికీ తెలియదు. నాయిక అతని కార్యాలయంలో చిరుద్యోగిని. కానిచో తండ్రి అప్పు తీర్చడానికి ఒప్పంద వివాహానికి తలవంచిన పేదపిల్ల. అతనికి ఎప్పుడూ కోపం, ఆమెకు ఎప్పుడూ భయం. అతడు చేయి పట్టుకుంటాడు, ఆమె వద్దంటుంది, ఆ వద్దు అన్న మాటను రచయిత అవునుగా అనువదిస్తాడు. అక్కడినుండి వర్ణన మొదలు.

యజమానికీ, అతని చేతికింద పనిచేసే స్త్రీకీ మధ్య నడిచే ఈ కథ నిన్న మొన్న పుట్టినది కాదు. ఆంగ్లనవల బాల్యదశలోనే, 1740లో, శామ్యూల్ రిచర్డ్‌సన్ రచించిన 'పమేలా'లో ఒక దాసీపిల్లను యజమాని వేధిస్తాడు, ఆమె లొంగదు, చివరికి అతడే పెండ్లాడతాడు. 1847 నాటి 'జేన్ ఐర్'లో షార్లెట్ బ్రాంటీ ఈ కథకు వెన్నెముకను చేర్చింది. తాను ప్రేమించిన యజమానికి భార్య బ్రతికే ఉన్నదని తెలిసిన మరుక్షణమే జేన్ అతనికి లొంగదు, ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. మళ్లీ తన కాళ్లపై తాను నిలబడిన తరువాతనే తిరిగివస్తుంది. 1908లో లండన్‌లో స్థాపితమైన మిల్స్ అండ్ బూన్ సంస్థ కాలక్రమాన ఈ అచ్చును పరిశ్రమగా మార్చింది. 2011లో వెలువడిన 'ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే' అదే యజమానిని, అదే అమాయకురాలిని తీసుకొని వర్ణనను మాత్రం పదింతలు చేసి లోకమంతటా అమ్ముడుపోయింది. మన ఫోను నవలల కోటీశ్వరుడు ఆ వంశంలోని వాడే. పేరు మాత్రం తెలుగు.

తెలుగులో ఈ కథకు అత్యంత ప్రసిద్ధమైన రూపం యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'. 1960లలో జ్యోతి మాసపత్రికలో ధారావాహికగా వచ్చి, 1976లో చలనచిత్రమై, ఎన్నో ముద్రణలు పొందిన నవల అది. రాజశేఖరం ధనికుడు, జయంతి అతని కార్యదర్శి. ఆ కాలపు విమర్శకులు ఆమె నవలలను కలల బేహారమని, కార్ల నవలలని, ఆరడుగుల అందగాళ్ల నవలలని ఎగతాళి చేశారు. ఆ ఎగతాళిలో కొంత నిజం లేకపోలేదు. కాని ఆ విమర్శకులు చూడనిది ఒకటి ఉన్నది. జయంతికి ఆత్మాభిమానం ఉన్నది. కథను నడిపేది రాజశేఖరం కారు కాదు, ఆమె ఆత్మాభిమానం. ఆమె తొందరపడుతుంది, అనుమానిస్తుంది, తప్పుగా అర్థం చేసుకుంటుంది. అయినా ఆమె ఒక మనిషి. అద్దె పుస్తకాల దుకాణంనుండి తెచ్చుకొని వంటింటి గుమ్మంలో కూర్చొని చదివిన గృహిణులు ఆ కారును చూసి మురిసిపోయారేమో గాని, వారు ఎదురుచూసినది మాత్రం జయంతి ఏమంటుందోనని. ముద్దు లేకుండానే అన్ని వందల పుటలు నిలిచాయి. నేటి నవలలో అంతా ఉండి కూడా పది పుటలు నిలవడం లేదు. ఎందువల్ల?

మొదటి కారణం పత్రిక మారడం. వారపత్రికలో, మాసపత్రికలో నవల వెలువడిన రోజులలో రచయితకూ పాఠకునికీ మధ్య ఒక సంపాదకుడు ఉండేవాడు, ఏడు రోజుల వ్యవధి, కొన్నిచోట్ల నెల రోజుల వ్యవధి ఉండేది. ఆ వ్యవధిలో పాఠకుడు ఊహించేవాడు, పక్కింటివారితో వాదించేవాడు. నేడు ఆ వ్యవధి మాయమైనది. బెంగళూరు కేంద్రంగా 2014లో ప్రారంభమైన 'ప్రతిలిపి' వంటి వేదికలు తెలుగులో వేలమందికి రచనావకాశం కల్పించాయి. పత్రికాఫీసు గడప తొక్కలేని గృహిణి కూడా నేడు రచయిత్రి అయినది. ఇది చిన్న మేలు కాదు. అయితే అక్కడ భాగం పెట్టిన గంటలోనే ఎందరు చదివారో, ఎన్ని నక్షత్రాలు ఇచ్చారో అంకెలలో కనబడుతుంది. నిన్నటి భాగంలో కౌగిలి ఉంటే అంకె పెరిగినది. నేడు నాయిక తల్లితో మాట్లాడిన భాగానికి అంకె తగ్గినది. రచయిత మానవమాత్రుడు. మరునాడు తల్లి కథలోనుండి వెళ్లిపోతుంది. క్రమంగా స్నేహితురాలు, ఉద్యోగం, ఊరు, వాన, పరీక్షలు, అన్నీ వెళ్లిపోతాయి. చివరికి ఇద్దరూ ఒక గదిలో మిగులుతారు. పాఠకునికి ఊపిరాడదు.

రెండవ కారణం దీనికన్న లోతైనది. దానిని చెప్పడానికి భరతముని సహాయం కావాలి.

శృంగారం అంటే దేహవర్ణన కాదని మన ఆలంకారికులు ఏనాడో తేల్చారు. విభావ, అనుభావ, వ్యభిచారిభావాల కలయికచేత రసం నిష్పన్నమవుతుందని నాట్యశాస్త్రం. శృంగారానికి స్థాయి రతి. ఆ రతికి ఆలంబనం ఎవరు? నాయికానాయకులు. ఆలంబనం అంటే ఊతకర్ర వంటిది. అది గట్టిగా ఉంటేనే దానిపై ఏదైనా ఆనుతుంది. శకుంతల ఎవరో మనకు తెలుసు: ఆమె చెట్లకు నీరు పోస్తుంది, జింకపిల్లను పెంచుతుంది, చెలులతో వేళాకోళమాడుతుంది. అందుకే దుష్యంతుని చూపు ఆమెపై పడినప్పుడు మన గుండె కూడా ఒక్క క్షణం ఆగుతుంది. నేటి నవలలో నాయికకు పెదవులు ఉన్నాయి, నడుము ఉన్నది, కురులు ఉన్నాయి. ఆమె ఏ పాఠశాలలో చదివినదో, ఏ కూర ఇష్టమో, ఎవరిపై అలిగినదో తెలియదు. ఊతకర్రే లేనిచోట రసం ఎక్కడ ఆనుతుంది?

ఇక అనుభావాల సంగతి. సాత్త్వికభావాలు ఎనిమిది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. ఈ జాబితాను చేతిలో పెట్టుకొని ఫోను నవల ఒకదానిని చదివి చూడవలసినదిగా విద్యార్థులను కోరుతున్నాము. చెమట, గగుర్పాటు, వణుకు: ఈ మూడే మళ్లీ మళ్లీ వస్తాయి. మాట తడబడడం అరుదు. ముఖం వెలవెలబోవడం ఇంకా అరుదు. సంచారిభావాలు ముప్పైమూడు అని శాస్త్రం చెబుతున్నది; శంక, అసూయ, చింత, స్మృతి, గర్వం, దైన్యం, లజ్జ, ఔత్సుక్యం మొదలైన ఈ చిన్న చిన్న అలలే ప్రేమకు ప్రాణం. ప్రేమలో ఉన్న మనిషికి గంటలో పదిసార్లు మనసు మారుతుంది. ఈ నవలలలో అది మారదు. ముప్పైమూడు తీగల వాద్యాన్ని తెచ్చి ఒక్క తీగనే మీటుతూ ఉంటే వినేవాడు లేచిపోవడంలో వింతేమున్నది?

శృంగారం రెండు విధాలు: సంభోగం, విప్రలంభం. ఎడబాటు లేని కలయిక పుష్టి పొందదని ఆలంకారికుల మాట. ఉర్దూ గజల్ చదివే మన విద్యార్థులకు దీనిని వేరే చెప్పనక్కరలేదు. విసాల్‌ను గురించి చెప్పిన షేర్లకన్న హిజ్ర్‌ను గురించి చెప్పినవి ఎన్ని రెట్లు ఎక్కువో వారికి తెలుసు. వంటింటి ఉపమానం చెప్పాలంటే, దమ్ బిర్యానీ వండేవారు గిన్నె మూత చుట్టూ పిండి మెత్తి ఆవిరిని బంధిస్తారు. ఆ బంధించిన ఆవిరే బియ్యాన్నీ మాంసాన్నీ ఒకటి చేస్తుంది. ఉడికినదో లేదో అని నిమిషానికి ఒకసారి మూత తీసేవాడికి ముఖంమీద వేడి తగులుతుంది. గిన్నెలో పలుకు పలుకుగానే ఉంటుంది. నేటి నవలాకారుడు మూత తీసి ఆవిరిని చూపించి అదే భోజనమంటున్నాడు.

విప్రలంభంలో పూర్వరాగం, మానం, ప్రవాసం, కరుణం అని నాలుగు భేదాలు. వీటిలో ప్రవాసాన్ని గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఫోను వచ్చిన తరువాత ఎడబాటు ఎక్కడిది, అది పాతకాలపు సరుకు అని కొందరు అంటారు. మన జహీరాబాదు వీధులలో నడిచేవారు ఆ మాట అనరు. భర్త గల్ఫ్‌లో, భార్య ఇక్కడ, రెండేళ్లకొక సెలవు, రాత్రి పదకొండుకు వీడియో కాల్, తెరమీద ముఖం ఉన్నది, మనిషి లేడు, పక్కన అత్తగారు ఉన్నందున చెప్పవలసిన మాట చెప్పలేక పిల్లవాని చదువు గురించి మాట్లాడి పెట్టేయడం. అష్టవిధ నాయికలలో ప్రోషితభర్తృక అని చదువుకుంటాము; దేశాంతరంలో ఉన్న భర్తకై వేచియున్న స్త్రీ. శాతవాహనరాజు హాలుని పేర వెలసిన ప్రాకృత గాథాసప్తశతిలో పల్లెటూళ్లలో నిలిచిపోయి బాటసారులైన భర్తలకోసం ఎదురుచూసే ఇల్లాండ్రు ఎందరో ఉన్నారు. సుమారు రెండు వేల ఏళ్ల తరువాత ఆ ఇల్లాలు మన పక్కింట్లో ఉన్నది. ఆమె ప్రేమను గురించి తెలుగులోనైనా ఉర్దూలోనైనా వ్రాయవలసిన నవల ఎంతో ఉన్నది. కోటీశ్వరుల కథలు వ్రాసే చేతులకు ఆమె కనబడలేదు.

ఇక్కడికి ఒక ముఖ్యమైన అంశానికి వస్తున్నాము. మా దృష్టిలో ఈ వ్యాసానికంతటికీ కీలకం ఇదే. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో రసాభాసాన్ని వివరిస్తూ, ఇద్దరిలోనూ లేని రతిని, అనగా ఒక్కరికే పరిమితమైన కోరికను, ఆ కోవలో చేర్చాడు. అది శృంగారం కాదు. శృంగారంలా కనిపించేది మాత్రమే. ఎండలో ముత్యపుచిప్ప వెండిలా మెరిసినట్లు. సీతపై రావణుని కోరికను అభినవగుప్తుడు దీనికి ఉదాహరణగా చూపాడు. రావణునికి ఏమి తక్కువ? ఐశ్వర్యం ఉన్నది, పరాక్రమం ఉన్నది, విమానం ఉన్నది, కోపం కూడా ఉన్నది. నేటి నవలానాయకునికి కావలసిన అర్హతలన్నీ ఉన్నాయి. అయినా ఆ ప్రేమను ఏ ఆలంకారికుడూ శృంగారమని ఒప్పుకోలేదు, సీత వద్దన్నది కాబట్టి.

మన విద్యార్థినులు ఈ విషయాన్ని మరింత జాగ్రత్తగా గమనించాలని కోరుతున్నాము. గోడకు నెట్టి నిలబెట్టడం, ఫోను లాక్కొని చూడడం, ఎవరితోనూ మాట్లాడవద్దని ఆంక్ష పెట్టడం, వద్దన్నా వినకపోవడం: వీటిని పుట పుటకూ ప్రేమచిహ్నాలుగా చదివి చదివి, రేపు నిజజీవితంలో అటువంటివాడు ఎదురైతే గుర్తించలేని స్థితి రాకూడదు. గంభీరుడు, మౌనంగా ప్రేమించేవాడు అని పొరబడే ప్రమాదం ఉన్నది. చదివినవారికి కలిగిన ఆ అసంతృప్తి ఒక్కొక్కప్పుడు ఈ ప్రమాదాన్ని మనసు ముందుగా పసిగట్టడమే కావచ్చును. దానిని తోసిపుచ్చవద్దు.

మన ప్రబంధకవులు శృంగారవర్ణనలో ఎవరికీ తీసిపోరు. ఆ మాటకొస్తే వారిని మించినవారు లేరు. కాని వారు నిరాకరణకు ఇచ్చిన విలువ చూడండి. పెద్దన మనుచరిత్రలో అందరూ ఎన్నుకొని చదివే ఘట్టం ఒక తిరస్కారం. కాలికి పూసుకున్న పసరు మంచులో కరిగి హిమాలయంలో చిక్కుకున్న ప్రవరుడు ఇల్లు చేరడానికి దారి అడుగుతాడు, వరూధిని తన్ను వరించమంటుంది, అతడు కాదంటాడు. ఆ కాదనడంనుండే ఆమె కన్నీరు, వాదన, అభిమానభంగం, విరహం పుట్టాయి. అతడు వెంటనే ఒప్పుకొని ఉంటే కావ్యం అక్కడే ముగిసేది. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ అలిగి కోపగృహంలో పడుకుంటే సాక్షాత్తు శ్రీకృష్ణుడు ఆమె పాదాలకు తల వంచుతాడు. ఆమె ఎడమకాలితో తన్నుతుంది. అక్కడ నాయకుడు వంగినాడు. ఫోను నవలలో నాయకుడు వంగడు. అదే అతని గొప్ప అని రచయిత భావం. వంగని వానితో ప్రణయకలహం సాధ్యం కాదు. అది కలహం కాదు, ఆజ్ఞ.

ఈ సందర్భంలో మన జిల్లాకు చెందిన ఒక కావ్యాన్ని తలచుకోవాలి. జహీరాబాదునుండి హైదరాబాదు వెళ్లే దారిలో పటాన్‌చెరువు తగులుతుంది. నాడు మెదక్, 2016నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఆ ఊరు పదహారవ శతాబ్దంలో కుతుబ్‌షాహీ కొలువుకు చెందిన అమీన్‌ఖాన్ నివాసం. పొన్నిగంటి తెలగనార్యుడు తన యయాతిచరిత్రను ఆ అమీన్‌ఖాన్‌కే అంకితమిచ్చాడు. తత్సమ పదాలను పరిహరించి అచ్చతెనుగులో వెలసిన తొలికావ్యంగా సాహిత్యచరిత్రకారులు దానిని పేర్కొంటారు. తెలుగు ఎవరి భాష అని సందేహించేవారికి ఈ ఒక్క అంకితం చాలును. కాని మేము ఇక్కడ చెప్పదలచినది కథను గురించి. దేవయానిని పెండ్లాడిన యయాతి శర్మిష్ఠను ప్రేమించి, శుక్రుని శాపంవల్ల అకాల వార్ధక్యం పొందుతాడు. కొడుకులను యౌవనం అడుగుతాడు. పూరుడు ఒక్కడే ఇస్తాడు. ఆ అరువు యౌవనంతో ఎన్నాళ్లు భోగించినా కోరిక తీరదని భారతకథ చెబుతుంది. చివరికి యౌవనాన్ని కొడుకుకు తిరిగి ఇచ్చివేస్తాడు. శృంగారాన్ని ఇంతగా అనుభవించిన నాయకుడు మరొకడు లేడు, అయినా కథ అతని పడకగదిలో లేదు. ఒక కొడుకు తండ్రికి తన వయసును ఇచ్చే చోట ఉన్నది. భాగం భాగానికీ వేడి పెంచుతూ పోయే ధారావాహిక రచయితలు ఈ యయాతిని ఒకసారి కలుసుకుంటే బాగుండును.

అయితే ఘాటైన వర్ణన ఉండనే కూడదా? అట్లా మేము అనడం లేదు. హైదరాబాదులో పెరిగి ఉర్దూలో వ్రాసిన వాజిదా తబస్సుమ్ కథలు కొందరికి నేటికీ ఎబ్బెట్టుగా తోస్తాయి. ఆమె ప్రసిద్ధకథ 'ఉతరన్'. నవాబు ఇంట్లో దాయి కూతురు చమ్‌కీ చిన్ననాటినుండి దొరసాని విడిచిన బట్టలే కట్టుకొని పెరుగుతుంది. ఆ దొరసాని పెండ్లినాడు చమ్‌కీ పెండ్లికొడుకు గదికి వెళుతుంది. ఇకమీద తన విడుపును ఆ దొరసానే అనుభవించాలన్నది ఆమె ప్రతీకారం. ఆ కథలో వేడి ఉన్నది, మా తరగతిలో చదివి వినిపించడానికి మేమే సంకోచిస్తాము. కాని ఆ వేడి ఎక్కడనుండి వచ్చినదో చూడండి: ఏళ్లతరబడి మడతపెట్టి ఇచ్చిన పాతబట్టలనుండి. ఆ దృశ్యాన్ని తీసివేస్తే కథ కూలిపోతుంది. నేటి నవలలో పది దృశ్యాలు తీసివేసినా కథకు ఏమీ కాదు. అక్కడ కథ లేదు గనుక. మరొక వైపు, మీర్జా హాదీ రుస్వా 1899లో వెలువరించిన 'ఉమ్రావ్ జాన్ అదా' ఒక వేశ్య ఆత్మకథగా నడిచే నవల. వేడి వర్ణనలకు అంతటి అవకాశం మరొకదానికి లేదు. రుస్వా ఆ అవకాశాన్ని వదలివేశాడు. బదులుగా ఆమె తెలివిని, ఎత్తిపొడుపును, తాను పుట్టిన ఇంటి ముందు నిలబడి లోపలికి పోలేకపోవడాన్ని ఇచ్చాడు. చలం 'మైదానం' 1927లో ఎంత దుమారం రేపినదో తెలుగువారందరికీ తెలుసు. అమీర్‌తో వెళ్లిపోయిన రాజేశ్వరిని మెచ్చనివారు కూడా ఆమె ప్రతి సుఖానికీ ఒక మూల్యం చెల్లించినదని ఒప్పుకోక తప్పదు. ఫోను నవలలో ఎవరూ ఏ మూల్యమూ చెల్లించరు.

కళాశాల యాజమాన్య సంఘం పెద్దలకు కూడా ఇక్కడ ఒక విన్నపం. ఇట్టి పుస్తకాలను చూసినప్పుడు మొదట తోచేది నిషేధం. దాని చరిత్ర అంత గౌరవప్రదమైనది కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనం'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రకటిస్తే, ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. పురుషకవుల శృంగారం పాఠ్యగ్రంథమై, స్త్రీ వ్రాసిన శృంగారం నేరమైనది. ఇస్మత్ చుగ్తాయీ 1942లో ప్రకటించిన 'లిహాఫ్' కథపై లాహోరులో కేసు నడిచినది; నేరం నిలువలేదు. మంటో అశ్లీలం నెపంతో ఆరుసార్లు న్యాయస్థానం మెట్లెక్కాడు. నేడు వారు ఉర్దూ కథకు తలమానికాలు. ఈ ఫోను నవలలు ఆ కోవకు చెందవని మాకు తెలుసు. కాని నిషేధించే చేతికి ఆ తేడా తెలియదు. పైగా ఫోనుకు తాళం వేయగల గ్రంథాలయం ఏదీ లేదు; బీరువాకు తాళం వేస్తే లోపల మిగిలేది పెద్దన, బయట మిగిలేది కోటీశ్వరుడు.

శృంగారాన్ని గురించి మాట్లాడడం అధ్యాపకులకు తగదనేవారికి మరొక పేరు గుర్తుచేస్తాము. గోలకొండలో తానాషా కాలంనాటి అక్బర్‌షా సాధుపురుషుడు, సూఫీ కుటుంబంవాడు. నాయికానాయక భేదాలను తర్కించే 'శృంగారమంజరి' ఆయన పేరనే ఉన్నది. తెలుగు మూలం ఆధారంగా వెలువడిన దాని సంస్కృతరూపాన్ని డాక్టర్ వి. రాఘవన్ పరిష్కరించగా 1951లో హైదరాబాదులో అచ్చయినది. భానుదత్తుని రసమంజరిలోని నిర్వచనాలను ఆ గ్రంథం ఒక్కొక్కటిగా తరచి చూసి, సరిపోని చోట సరిపోదని చెబుతుంది. సాధువుకు సంకోచం లేని చోట మనకెందుకు?

చౌకనవల చదివేవారిని చులకన చేయడం కూడా మాకు సమ్మతం కాదు. కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యికి పైగా నవలలు వ్రాసి రైలు ప్రయాణికులను పాఠకులుగా మార్చాడు. ఆ నవలలతో చదవడం మొదలుపెట్టినవారు తరువాత ఎక్కడెక్కడికో చేరారు. బీదరు బస్సుకోసం నిలుచున్న విద్యార్థిని ఫోనులో తెలుగు లిపి కనబడితే మాకు సంతోషమే. ఇంటిపని, చదువు, తమ్ముళ్ల సంరక్షణ నడుమ ఆమెకు తనదంటూ మిగిలిన అరగంట అది. ఆ అరగంటలో తనను ఎవరో కోరుకుంటున్నట్లు, తన మాట ఎవరో వింటున్నట్లు ఊహించుకోవాలనుకోవడం ఏ విధంగానూ తప్పు కాదు. ఆమె అడిగినది ప్రేమకథ. ఆమెకు దొరికినది ఆవిరి. నిరాశ ఆమె లోపం కాదు. అది ఆమె అభిరుచి మేలుకొని ఉన్నదనడానికి సాక్ష్యం.

అందుచేత మా సూచన ఒకటి. వచ్చే సంవత్సరం సంచికలో నాలుగు పుటలు ఇందుకు కేటాయించవలసినదిగా సంపాదకవర్గాన్ని కోరాము. తమను నిరాశపరచిన ప్రణయ నవలను గురించి విద్యార్థులు ఉర్దూలోనైనా తెలుగులోనైనా ఒక పుట మించకుండా వ్రాసి ఇవ్వవచ్చును. పేరు ప్రకటించడం ఇష్టం లేనివారి పేరు ప్రకటింపబడదు. కథాసంగ్రహం అక్కరలేదు. వర్ణనలున్న పుటలను పక్కన పెట్టి చూస్తే కథలో ఏమి మిగిలినదో, నాయిక ఎన్నిసార్లు వద్దన్నదో, ఆ మాటను ఎవరు విన్నారో, సరిగా ఎక్కడ విసుగు పుట్టి ఫోను పక్కన పెట్టారో వ్రాస్తే చాలును.